పలుచని పొర, కాగితపు శంకువు: ఇంటి శ్రవణానికి హైబ్రిడ్ ప్లానార్ మాగ్నెటిక్ లౌడ్‌స్పీకర్లు

హైబ్రిడ్ ప్లానార్ మాగ్నెటిక్ లౌడ్‌స్పీకరు అనగా రెండు వేర్వేరు పద్ధతులలో ధ్వనిని పుట్టించే భాగాలను ఒకే చట్రంలో కూర్చిన గృహ శ్రవణ సాధనం. మధ్యస్థాయి, తారస్థాయి ధ్వనులను అయస్కాంతాల నడుమ బిగించిన పలుచని ప్లాస్టిక్ పొర పలికిస్తుంది. మంద్రధ్వనులను అందరికీ తెలిసిన కాగితపు శంకువు గల ఊఫర్ పలికిస్తుంది. హైబ్రిడ్ అనే మాట జొన్న, పత్తి విత్తనాల మూలంగా పల్లెలకు కొత్తది కాదు. అయితే విత్తనంలో రెండు రకాల గుణాలు ఒకే గింజలో కలిసిపోతాయి. ఈ స్పీకరులో రెండు జాతులూ విడివిడిగానే ఉండి, వినేవారికి మాత్రం ఒకే గొంతుగా వినిపించవలసి ఉంటుంది. ఆ రెండింటి అతుకు ఎంత చక్కగా కుదిరిందన్న దానిమీదనే ఈ సాధనం విలువ అంతా ఆధారపడి ఉన్నది. దుకాణాల ప్రకటనలు పొర పలుచదనాన్ని గురించి ఎంతో చెబుతాయి గాని, అతుకును గురించి దాదాపు ఏమీ చెప్పవు.

ఈ సంగతి తెలుసుకొనడం కేవలం కుతూహలం కోసం కాదు. ఈ రకపు స్పీకర్లలో ప్రసిద్ధమైన ఒక అమెరికన్ నమూనా జత 2010ల దశకంలో సుమారు 2,500 డాలర్లకు దొరికేది. నేటి మారకపు విలువలో అది రెండు లక్షల రూపాయలకు పైమాట. ఓడ కూలి, దిగుమతి సుంకం దీనికి అదనం. పట్టణంలో గాని విదేశంలో గాని ఉద్యోగం చేసే పిల్లలు తల్లిదండ్రులకు కానుకగా ఇటువంటివి పంపడం, ఇంటికి చేరిన తరువాత గదిలో అవి సరిగా పలకకపోవడం, బాగుచేసేవారు దగ్గరలో లేకపోవడం జరిగితే, ఆ సొమ్మంతా గోడకు ఆనించిన రెండు పలకలుగా మిగిలిపోతుంది. కనుక కొనకముందే వాటి లోపలి తీరు తెలియడం మేలు.

శంకువు పనిచేసే తీరు

సాధారణ స్పీకరులో కాగితపు శంకువు కొసన చిన్న తీగచుట్ట ఉంటుంది. అది గుండ్రని అయస్కాంతపు సందులో వేలాడుతుంది. పాటను అనుసరించి మారే విద్యుత్తు చుట్టలో ప్రవహించినప్పుడు చుట్ట ముందుకు వెనుకకు కదలి శంకువును కదుపుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించిన నమూనా నుండి నేటి ట్రాన్సిస్టరు రేడియో, బస్సు, ట్రాక్టరు, టీవీ వరకు అన్నిటా ఉన్నది ఇదే. చవక, గట్టిదనం, మరమ్మతు సౌలభ్యం దీని గుణాలు. లోపం ఒకటి ఉన్నది. శంకువును కొసన మాత్రమే తోస్తారు. మిగిలిన భాగమంతా ఆ తోపును అనుసరించి నడవాలి. తారస్థాయి ధ్వనులలో సెకనుకు వేల కంపనలు ఉండటం చేత, శంకువు అంచులు కొసతో కలిసి నడవలేక తమ ఇష్టం వచ్చినట్లు వణుకుతాయి. పెట్టె గోడలు కూడా తమ వంతు గుమగుమను చేరుస్తాయి.

పొర పనిచేసే తీరు

ప్లానార్ పద్ధతిలో శంకువు లేదు, చుట్ట లేదు. మైలార్ వంటి పాలియెస్టర్ పొరను ఒక చట్రంపై బిగువుగా పరుస్తారు. దాని మందం తరచుగా 12 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మనిషి వెంట్రుకలో ఆరవ వంతు అనుకోవచ్చు. ఆ పొరమీద అల్యూమినియం తీగను గాని, పలుచని రేకు గీతలను గాని మెలికలు మెలికలుగా పైనుండి కిందికి, కిందినుండి పైకి అంటిస్తారు. పొరకు కొద్ది మిల్లీమీటర్ల ఎడంలో, రంధ్రాలు గల ఉక్కు రేకుమీద అయస్కాంతపు పట్టీలను వరుసలుగా అమరుస్తారు. ఒక వరుసలో ఉత్తర ధ్రువం పొరవైపు ఉంటే, పక్క వరుసలో దక్షిణ ధ్రువం ఉంటుంది. అప్పుడు అయస్కాంత బలరేఖలు ఒక వరుస నుండి పక్క వరుసకు పొర తలాన్ని అనుసరించి సాగుతాయి. వాటికి అడ్డంగా నడిచే విద్యుత్తుపై కలిగే బలం పొరను నేరుగా ముందుకు గాని వెనుకకు గాని తోస్తుంది. పక్క వరుసలో బలరేఖల దిశ మారుతుంది, తీగ మెలిక తిరగడం వలన విద్యుత్తు దిశ కూడా మారుతుంది. కావున తోపు అంతటా ఒకే వైపుకు ఉంటుంది.

ఇక్కడి మేలు ఇదే. బలం ఒక కొసన కాక పొర అంతటా పరచుకొని పడుతుంది. నలుగురు నాలుగు మూలలా పట్టుకొని దుప్పటి దులిపినట్లు కాక, ప్రతి జానెడు గుడ్డనూ ఒక్కొక్కరు పట్టుకొని కదిపినట్లు ఉంటుంది. కదిలే బరువు అత్యల్పం. అందుచేత వీణ మీటు తొలి క్షణం, సన్నాయి ఊపిరి, పద్యం చదివేవారి హల్లుల స్పష్టత చెదరకుండా వినవస్తాయి. పెట్టె లేనందున పెట్టె గుమగుమ కూడా లేదు.

అయస్కాంతాలు పొరకు ఒక పక్కనే ఉంటే నిర్మాణం చవక. కాని పొర అయస్కాంతాలకు దూరమైనప్పుడు బలం తగ్గి, దగ్గరైనప్పుడు పెరుగుతుంది. ఈ అసమానత ధ్వనిలో కొంత వికృతిని తెస్తుంది. రెండు పక్కలా అయస్కాంతాలు పెట్టిన రకంలో ఒకవైపు తగ్గిన బలాన్ని రెండవవైపు పూడుస్తుంది. దీనిని పుష్‌పుల్ అమరిక అంటారు. ఖర్చు, బరువు పెరుగుతాయి. ముందున్న అయస్కాంతాల సందులలోనుండే ధ్వని బయటికి రావాలి కనుక రంధ్రాల రూపకల్పనలో నేర్పు కావాలి.

ఇదే తరహాలో కనిపించే మరి రెండు పద్ధతులను దీనితో కలపకూడదు. రిబ్బన్ స్పీకరులో ప్లాస్టిక్ పొర ఉండదు. ముడతలు పెట్టిన లోహపు రేకే విద్యుత్తును మోస్తూ తానే కంపిస్తుంది. జర్మనీలో శాట్కీ, గెర్లాఖ్ 1920లలోనే దీనిని రూపొందించారు. ఎలెక్ట్రోస్టాటిక్ స్పీకరులో అయస్కాంతమే ఉండదు. అందులో పొరకు వేల వోల్టుల స్థిర విద్యుదావేశం ఇస్తారు. బ్రిటన్‌లో పీటర్ వాకర్ 1957లో విపణికి తెచ్చిన క్వాడ్ దీనికి పేరుగాంచిన ఉదాహరణ. ఎలెక్ట్రోస్టాటిక్‌కు గోడ ప్లగ్గునుండి విద్యుత్తు కావాలి. తేమ, దుమ్ము ఎక్కువైతే లోపల చిటపటలు పుడతాయి. ప్లానార్ మాగ్నెటిక్‌కు ఆ బెడద లేదు. యాంప్లిఫయరు నుండి రెండు తీగలు తగిలిస్తే చాలును. గోదావరి పాయలూ సముద్రపు గాలీ కలిసే యానాం వంటి చోట ఈ భేదం చిన్నది కాదు.

పొరకు మంద్రం ఎందుకు చిక్కదు

ఇంత మేలైన పొరకు శంకువు తోడు ఎందుకు? కారణాలు రెండు. రెండూ గాలికి సంబంధించినవే.

మొదటిది కదలిక. ఒకే బిగ్గరతో ధ్వని వినిపించాలంటే, స్థాయి సగానికి దిగినప్పుడల్లా పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 400 హెర్ట్జ్ వద్ద కంటికి కనబడని కదలిక చాలినచోట, 50 హెర్ట్జ్ వద్ద అరవై నాలుగు రెట్లు కావాలి. పొరకూ అయస్కాంతానికీ మధ్య సందు కొద్ది మిల్లీమీటర్లే. సందు పెంచితే అయస్కాంత బలం పడిపోతుంది.

రెండవది వెనుక ధ్వని. పెట్టె లేని పలక ముందుకు ఎంత ధ్వనిని పంపుతుందో వెనుకకూ అంతే పంపుతుంది. ముందువైపు గాలి ఒత్తిడి పెరిగినప్పుడు వెనుకవైపు తగ్గుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 1,000 హెర్ట్జ్ ధ్వని అల పొడవు 34 సెంటీమీటర్లు, అనగా అడుగు పైచిలుకు. 100 హెర్ట్జ్ అల 3.4 మీటర్లు, దాదాపు పదకొండు అడుగులు. 20 హెర్ట్జ్ అల 17 మీటర్లు. అడుగు వెడల్పు గల పలక, పదకొండు అడుగుల అలను ముందుకూ వెనుకకూ వేరుగా నిలపలేదు. వెనుక ధ్వని అంచులను చుట్టివచ్చి ముందు ధ్వనిని మింగివేస్తుంది. ఈ నష్టాన్ని కూడా పూడ్చాలంటే స్థాయి సగమైనప్పుడు కదలిక నాలుగు కాక ఎనిమిది రెట్లు కావాలి.

దీనికి ఒక పరిష్కారం పలకను పెంచుకుంటూ పోవడం. త్రీఎమ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన జిమ్ వైనీ, అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో 1969లో మాగ్నెపాన్ సంస్థను స్థాపించి ఆ దారినే నడిచాడు. ఆయన తొలి టింపానీ స్పీకర్లు మడత తెరల వలె గది మూలలో నిలిచేవి. ఆ సంస్థ స్పీకర్లలో పొరే మంద్రాన్ని కూడా మోస్తుంది. మనిషెత్తు పలకలు, వాటికి విశాలమైన గది ఉంటే ఆ మార్గం అందమైనదే. 2019లో అదే సంస్థ ఎల్.ఆర్.ఎస్. అనే చిన్న పలకలను జత 650 డాలర్లకు తెచ్చినప్పుడు, మంద్రం కొంత తగ్గడం అనివార్యమైంది. ఆ పలకలు బాగాలేవని కాదు. డోలు, తప్పెట మోగినప్పుడు గుండెకు తగలవలసినది వాటిలో తక్కువ.

రెండవ పరిష్కారమే హైబ్రిడ్. పొరను అది చక్కగా చేయగల పనికే పరిమితం చేసి, మంద్రాన్ని ఊఫరుకు అప్పగించడం.

రెండు మార్గాల కలయిక

ఈ కలయికను భారీ స్థాయిలో చేసి చూపినది కాలిఫోర్నియాలోని ఇన్ఫినిటీ సంస్థ. ఆర్నీ నూడెల్, జాన్ ఉల్రిక్, క్యారీ క్రిస్టీ దానిని 1968లో ప్రారంభించారు. తొలుత ఎలెక్ట్రోస్టాటిక్ పలకలతో ఊఫరును కలిపిన వారు, 1970ల మధ్యనాటికి ఎమిట్ అనే చిన్న ప్లానార్ ట్వీటరును, తరువాత ఎమిమ్ అనే మధ్యస్థాయి ప్లానారును తయారుచేశారు. 1980 ప్రాంతంలో వచ్చిన ఐ.ఆర్.ఎస్. వ్యవస్థలో నాలుగు స్తంభాలు ఉంటాయి. ఎత్తు ఏడున్నర అడుగులు. రెండింటిలో ప్లానార్ వరుసలు, మిగిలిన రెండింటిలో ఒక్కొక్కదానికి ఆరు చొప్పున 12 అంగుళాల ఊఫర్లు. ఊఫరు కదలికను కొలిచి, తప్పును అప్పటికప్పుడే సరిదిద్దే సర్వో ఏర్పాటు కూడా ఉన్నది. అది సామాన్యుల ఇంటికి వచ్చే వస్తువు కాదు, దేవాలయ ధ్వజస్తంభం వలె చూసి రావలసినది. అయినను పొర, శంకువు ఒకే సభలో కూర్చోగలవని అది నిరూపించింది.

సామాన్య గృహానికి దగ్గరగా వచ్చినది ఎమినెంట్ టెక్నాలజీ. ఫ్లోరిడా రాష్ట్రంలోని టాలహాసీ పట్టణంలో బ్రూస్ థిగ్‌పెన్ నడిపిన చిన్న సంస్థ అది. వారి ఎల్.ఎఫ్.టి.-8 వరుస ఈ వ్యాసానికి తగిన ముఖ్య ఉదాహరణ. అయిదడుగుల ఎత్తు, పదమూడు అంగుళాల వెడల్పు గల స్తంభం. అడుగున మూసిన పెట్టెలో 8 అంగుళాల ఊఫరు. దానిపైన పుష్‌పుల్ అమరికలో ప్లానార్ పలకలు. 8బి నమూనాలో సుమారు 180 హెర్ట్జ్ వరకు ఊఫరు, అక్కడినుండి 10,000 హెర్ట్జ్ వరకు మధ్యస్థాయి పలక, ఆపైన సన్నని ట్వీటరు పలుకుతాయి. పదవ వేల వరకు అతుకు లేకపోవడం గమనించదగినది. సాధారణ స్పీకరు పెట్టెలలో 2,000, 3,000 హెర్ట్జ్‌ల మధ్య, అనగా చెవి మిక్కిలి చురుకుగా ఉండే చోట, ఊఫరుకూ ట్వీటరుకూ అతుకు పడుతుంది. ఇక్కడ ఆ చోటంతా ఒకే పొర ఆధీనం.

కంప్యూటరు పక్కన పెట్టుకొనే చిన్న స్పీకర్లలోనూ ఈ పద్ధతి ఒకప్పుడు వచ్చింది. కెనడాకు చెందిన సోనిజిస్టిక్స్ సంస్థ 1999 నుండి కొద్ది ఏళ్ళు మాన్సూన్ అనే పేరుతో రెండు బల్లపరుపు పలకలు, ఒక ఊఫరు పెట్టె కలిపి అమ్మింది. పేరు మాత్రం వానకారుకు చెందినది, పుట్టుక మంచుదేశంలో. అమెరికాలోని నెవాడా రాష్ట్రం కార్సన్ సిటీకి చెందిన విజ్‌డమ్ ఆడియో ఈ పద్ధతినే గోడలో పొదిగే ఖరీదైన రూపంలో అందిస్తున్నది.

అతుకు

ఊఫరుకూ పొరకూ ధ్వనిని పంచి ఇచ్చే విద్యుత్ పరికరాన్ని క్రాసోవర్ అంటారు. తీగచుట్టలు, కెపాసిటర్లు ఉండే చిన్న పలక అది. పంపకం గట్టు కొట్టినట్లు ఒక్కచోట తెగిపోదు. ఒకటి క్రమంగా తగ్గుతూ రెండవది క్రమంగా పెరుగుతూ, కొంత మేర రెండూ కలిసి పలుకుతాయి.

ఈ అతుకు 180 హెర్ట్జ్ వద్ద పడినదనుకొన్నప్పుడు ఏమి జరుగుతుందో చూడవలెను. మాట్లాడే పురుషుని గొంతు మూలస్థాయి సుమారు 85 నుండి 180 హెర్ట్జ్ వరకు ఉంటుంది. స్త్రీ గొంతు సుమారు 165 నుండి 255 వరకు. అనగా పురుషుని గొంతు వేరు ఊఫరులో, కొమ్మలు పొరలో ఉంటాయి. స్త్రీ గొంతు దాదాపు అంతా పొరలోనే. అతుకు కుదరని స్పీకరులో ఈ భేదం వెంటనే బయటపడుతుంది. గాయని గొంతు అద్దంలో చూసినట్లుంటుంది. గాయకుడి గొంతు మాత్రం ఛాతీ ఒకచోట, పెదవులు మరొకచోట ఉన్నట్లు వినిపిస్తుంది. దుకాణాలలో పరీక్షకు ఎక్కువగా స్త్రీ గాత్రాన్ని, గిటారును వినిపించడంలో ఆంతర్యం ఇది కావచ్చు.

అతుకును పరీక్షించడానికి తంబురను మించినది లేదు. పురుష గాత్రానికి శ్రుతి చేసిన తంబురలో మంద్ర షడ్జం 65 నుండి 70 హెర్ట్జ్ ప్రాంతంలో మ్రోగుతుంది. జీవాళీ వలన అదే తంత్రి నుండి వేల హెర్ట్జ్‌ల వరకు ఉపస్వరాలు లేస్తాయి. ఒక్క మీటులో సగం ఊఫరు, సగం పొర పలకాలి. మంచి స్పీకరులో తంబుర ఒక్కటిగా, ఒకే చోట నిలిచి వినిపిస్తుంది. చెడు కూర్పులో జీవం పైన, నాదం నేలమీద అన్నట్లు రెండుగా చీలుతుంది. అరనిమిషం వింటే చాలు. తరువాత మృదంగం. ఎడమవైపు తొప్పి గుంకారం, కుడివైపు వలంతల టంకారం ఒకే వాద్యానివిగా తోచాలి.

అతుకు చెడటానికి కారణం ఊఫరు బరువుగా, మందకొడిగా ఉండటమేనని తరచుగా చెప్పుకొంటారు. పొర చురుకు, శంకువు బద్ధకం అన్న మాట వినడానికి సబబుగా ఉంటుంది గాని, అది సగం నిజం కూడా కాదు. 180 హెర్ట్జ్ లోపు మాత్రమే పలికే ఊఫరుకు అంతకు మించిన చురుకు అవసరమే లేదు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. పెట్టెలోని ఊఫరు అన్ని వైపులకూ ధ్వనిని చిమ్ముతుంది. పలక ముందుకూ వెనుకకూ పంపి, పక్కలకు దాదాపు పంపదు. అందుచేత గది గోడలు ఈ రెండింటికీ వేర్వేరుగా బదులు చెబుతాయి. పైగా గదికి సహజంగా ఉండే మంద్రపు గుమగుమను ఊఫరు రేపుతుంది, పలక అంతగా రేపదు. ఆ గుమగుమ ఆగేవరకు పట్టే ఆలస్యాన్నే శ్రోత శంకువు బద్ధకంగా భావిస్తాడు.

మరొక చిక్కు దూరానిది. పొడవైన పలక దగ్గరలో గీత వలె ధ్వనిస్తుంది. దూరం రెట్టింపైతే బిగ్గర 3 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఊఫరు చుక్క వలె ధ్వనిస్తుంది. అదే దూరానికి 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఆరుబయట ఇది పూర్తిగా, గదిలో కొంతవరకు వర్తిస్తుంది. ఆరడుగుల దూరంలో సరిగా తూగిన స్పీకరు పన్నెండడుగుల దూరంలో మంద్రం తగ్గి, సన్నబడి వినిపించేది ఇందుచేతనే. నడింట్లో కూర్చున్నవారికి ఒక తూకం, వసారాలో మంచం వేసుకొన్నవారికి మరొక తూకం. ఎమినెంట్ టెక్నాలజీ తన తరువాతి నమూనా 8సి లో మంద్ర భాగానికి సొంత యాంప్లిఫయరును, డిజిటల్ సవరింపును చేర్చింది. మంద్రం వ్యాపించే తీరును పలక తీరుకు దగ్గర చేయడమే ఆ మార్పు లక్ష్యం. సవరింపు సాధనాలు చవకబడిన నేటి కాలంలో హైబ్రిడ్‌కు ఇదే సరియైన దారి అని చెప్పవచ్చును.

ఇల్లు, గది

పలక వెనుక ధ్వని వృథా కాదు. అది వెనుక గోడకు తగిలి ఆలస్యంగా తిరిగివచ్చి, సభ లోతును కల్పిస్తుంది. అందుకు గోడకూ పలకకూ కనీసం మూడడుగుల ఎడం కావాలి. గోడకు ఆనించి పెడితే ఆ ప్రతిధ్వని మరీ త్వరగా వచ్చి అసలు ధ్వనిని మసకబారుస్తుంది. పది అడుగుల గదిలో మూడడుగులు విడవడం, అదీ మనుమలు పరుగులు తీసే ఇంట్లో, సులభం కాదు. ఆ చోటు లేనివారు ఈ స్పీకర్లను కోరకపోవడమే మంచిది. చిన్న గదికి చక్కని శంకువు పెట్టెలు వీటికంటె బాగా పలుకుతాయి.

సిమెంటు గచ్చు, సున్నపు గోడలు, బండల కప్పు గల ఇండ్లలో తారస్థాయి ధ్వని గోడనుండి గోడకు ఎగురుతుంది. చప్పట్లు కొట్టి చూస్తే గణగణ వినబడుతుంది. పలకకు ఎదురుగా చాప, పరుపు, దుప్పట్ల మడతలు, గుడ్డ తెర ఉంటే ఆ గణగణ తగ్గుతుంది. పాత పెంకుటిండ్లు ఈ విషయంలో కొత్త డాబాలకన్న నయం. పలక పక్కలకు ధ్వనిని తక్కువగా పంపడం వలన పక్క గోడల బెడద తక్కువగా ఉండటం ఒక సుగుణం.

పెండ్లి, ఊరేగింపు, ఉత్సవం పనులకు ఇవి ఎంతమాత్రం కావు. ఎల్.ఎఫ్.టి.-8బి ఒక వాటు విద్యుత్తుతో మీటరు దూరంలో 83 డెసిబెళ్ళు పలుకుతుంది. సాధారణ పెట్టె స్పీకరు 88, 90 వరకు పలుకుతుంది. మైకు సెట్టు హారన్ వంద దాటుతుంది. 7 డెసిబెళ్ళ తేడా చిన్నదిగా కనబడినా, దానిని పూడ్చడానికి అయిదు రెట్ల వాట్లు కావాలి.

యాంప్లిఫయరు, ఫ్యూజు, ధూళి

పొరమీది తీగకు నిరోధం తక్కువ, చాలా నమూనాలలో 4 ఓములు. తీగ చుట్టగా కాక పరచినట్లు ఉండటం వలన, ఆ నిరోధం అన్ని స్థాయిలలోనూ ఇంచుమించు ఒకటే. యాంప్లిఫయరుకు ఇది మోయదగిన బరువే గాని, అది ఎడతెగని బరువు. పెట్టెమీద వేల వాట్లు అని ముద్రించిన చవక యాంప్లిఫయరు కొద్దిసేపటిలో వేడెక్కి ఆగిపోవచ్చు. 4 ఓముల వద్ద ఎడతెరపి లేకుండా నూరు వాట్లు ఇవ్వగలనని తయారీదారు స్పష్టంగా చెప్పినది కావాలి.

మాగ్నెపాన్ పలు నమూనాలలో ట్వీటరుకు ఫ్యూజు ఉంటుంది. పల్లెలలో ఫ్యూజు పోయినచోట రాగితీగ పోగు చుట్టే అలవాటు ఉన్నది. ఇంటి మీటరు దగ్గరనే అది ప్రమాదం. ఇక్కడ అది స్పీకరుకు మరణశాసనం. వెంట్రుక పలుచని రేకు గీత ఒక్క క్షణంలో కాలిపోతుంది, దానిని అతికేవారు మండలంలో గాని, తాలూకాలో గాని దొరకరు.

ధూళి విషయంలో ఒక జాగ్రత్త. మామూలు దుమ్ము గుడ్డ తెరవద్దనే ఆగుతుంది. ఇనుప రజను మాత్రం అయస్కాంతాన్ని వెతుక్కొంటూ వస్తుంది. హోసూరు వంటి పారిశ్రామిక పట్టణాలలో లేతు, వెల్డింగు పనుల దుకాణం ఇంటికి ఆనుకొని ఉన్నవారు దీనిని గుర్తుంచుకోవాలి. పొరకూ అయస్కాంతానికీ మధ్య చేరిన ఒక్క రేణువు చాలు, ప్రతి మంద్ర స్వరానికీ బరబరమని గీరుకొనడానికి. ఉప్పుగాలి గల తీరంలో ఉక్కు రేకుకు తుప్పు, అల్యూమినియం గీతకు తెల్లని పొక్కులు వస్తాయి. నేరుగా ఎండ పడేచోట పలకను పెట్టకూడదు. పొరకు తీగను పట్టి ఉంచేది జిగురే. పాత మాగ్నెప్లానార్లలో ఏళ్ళు గడిచి జిగురు వదలి, తీగ విడివడి గలగలలాడటం అందరికీ తెలిసిన జబ్బు.

అయస్కాంతం సంగతి

తొలితరం పలకలలో వాడినవి ఫెర్రైట్ అయస్కాంతాలు. శీతలపేటిక తలుపు అంచున ఉండే పట్టీ ఆ కుటుంబానిదే. 1980ల ఆరంభంలో జపాన్‌లో సుమిటోమో సంస్థకు చెందిన మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని కనుగొన్నారు. అరచేతిలో ఇమిడే ప్లానార్ భాగాలు బిగ్గరగా పలకగలిగినది దాని చలవే. నేటి హైబ్రిడ్‌లలో అనేకం చిన్న నియోడిమియం పలకను ఊఫరు పెట్టెపై నిలిపినవే.

ఈ నియోడిమియం సరిహద్దు తెలుగువారికి మరీ దూరపు లోహం కాదు. ఒడిశాలోని గంజాం జిల్లాలో బరంపురానికి చేరువగా ఉన్న ఛత్రపురం తీరపు ఇసుకలో మోనజైట్ ఖనిజం ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. అక్కడి ఇసుకను శుద్ధి చేస్తుంది. మోనజైట్‌లో థోరియంతో పాటు నియోడిమియం కూడా కలసి ఉంటుంది. అదే సంస్థ విశాఖపట్నంలో నెలకొల్పిన అరుదైన మృత్తికల అయస్కాంతపు కర్మాగారం 2023లో జాతికి అంకితమైంది. అయితే అందులో తయారయ్యేది సమేరియం, కోబాల్టు రకం. స్పీకర్ల కోసం కాదు. స్పీకర్లలోని నియోడిమియం అయస్కాంతాలు చాలావరకు చైనా నుండి వచ్చేవే. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన లోహాల ఎగుమతిపై ఆంక్షలు విధించినప్పుడు, అయస్కాంతాలు వాడే పరిశ్రమలన్నీ కలవరపడ్డాయి.

పాతవి కొనేవారికి

బెంగళూరు, చెన్నై వంటి నగరాలలో వాడిన స్పీకర్లు చేతులు మారుతుంటాయి. పలకను ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే మల్టీమీటరుతో కొలవవచ్చు. 4 ఓముల పలక మూడు, నాలుగు ఓముల ప్రాంతంలో చూపాలి. ముల్లు కదలకపోతే, అంకె రాకపోతే గీత తెగినదని అర్థం. సెల్‌ఫోనులో స్వరాన్ని మంద్రం నుండి తారానికి జరిపే ఉచిత సాధనాలు ఉన్నవి. దానిని తగుమాత్రపు బిగ్గరతో నడిపి, చెవి దగ్గర పెట్టి గలగల, బరబర ఉన్నదేమో వినాలి. ఊఫరు అంచున నురుగు రబ్బరు ఉంటే వేలితో మెల్లగా తాకి చూడాలి. పదిహేను, ఇరవై ఏళ్ళలో అది పిండి అవుతుంది. ఆ మరమ్మతు కష్టం కాదు. పట్టణంలో ఊఫర్లకు కొత్త అంచు అతికేవారు ఉన్నారు. పొర చిరిగితే మాత్రం తయారీ సంస్థ నుండే కొత్తది రావాలి. ఆ సంస్థ నేటికీ నడుస్తున్నదో లేదో ముందే విచారించుకోవలెను. మాన్సూన్ స్పీకర్లు చవకగా కనిపించినప్పుడు ఈ మాట మరీ ముఖ్యం.

పొర మాధుర్యం కావాలి గాని అంత చోటు, సొమ్ము లేవనుకొనేవారికి ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్లు ఉన్నవి. యమహా సంస్థ 1976లోనే హెచ్‌పి-1 పేరుతో వీటిని తెచ్చింది. గత పదిహేనేళ్ళలో పలు సంస్థలు వీటిని చేపట్టడంతో ధరలు ఎంతో దిగివచ్చాయి. చెవిని మూసిన చిన్న గాలి సందులో మంద్రానికి పెద్ద కదలిక అక్కరలేదు. వెనుక ధ్వని చుట్టివచ్చి మింగివేయడమూ అంతగా ఉండదు. అందుచేత అక్కడ ఒక్క పొరే 20 హెర్ట్జ్ దాకా దిగగలదు. ఊఫరు ఉండదు, అతుకు ఉండదు. ఇంటిల్లిపాదీ కలిసి వినడం కూడా ఉండదు.